మస్టరు పుస్తకం వెనక పేజీలు

15 ఆగస్టు 1948, ఆదివారం. అవనిగడ్డ

స్కూలు దగ్గర జెండా ఎగరేశారు. ఏడాది నిండింది. పిల్లలకి పిప్పరమెంట్లు పంచారు. అక్క గుమ్మం దాటలేదు. "మా వైపు ఇంకా రాలేదుగా" అంది, బియ్యం చెరుగుతూ.

మేనల్లుడు రెండు పిప్పరమెంట్లు తెచ్చుకున్నాడు. ఒకటి తిన్నాడు. రెండోది వాళ్ల నాన్నకట. ఎక్కడ దాచాడో చెప్పడు. చీమలు చెబుతాయిలే.

18 ఆగస్టు

వాన. మిల్లు నడవలేదు. పెట్టె అడుగు నుంచి ఈ పుస్తకం బయటికి తీశాను. గన్నవరం ఏరోడ్రం పని నాటి మస్టరు. కుడి పేజీల్లో కూలీల పేర్లు, హాజరు గీతలు, అణాలు, వేలిముద్రలు. ఎడమ పేజీలు ఖాళీ. యుద్ధం రోజుల్లో కాగితం దొరికేది కాదు. పని కట్టేసిన నాడు మేస్త్రీ పొయ్యిలో వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నా. ఇన్నాళ్లూ ఏం రాయాలో తోచలేదు. ఇప్పుడు మాత్రం తోచిందా?

ఎదురు పేజీలో ఒకడి బొటనవేలు. ఊరు ఉంగుటూరు. ఎక్కడున్నాడో ఇప్పుడు. వేలు మాత్రం నా పెట్టెలో ఉంది.

24 ఆగస్టు

హైదరాబాదులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని చంపేశారు. పత్రికలో పడింది. రాత్రి ఇంటికి వెళ్తుంటే దారి కాసి కాల్చారు. చేతులు నరికారు. నిజాం ఇండియాలో కలవాలని రాసినందుకు.

నా ఈడువాడే.

పత్రిక మడిచి చూరులో దోపాను, అక్క కంట పడకుండా. సాయంత్రానికి చూరులో లేదు.

28 ఆగస్టు

అక్క మజ్జిగన్నంలో ఉప్పు మరీ ఎక్కువ వేసుకుంటోంది. అమ్మ వారించింది. "వేసుకోనీవే అమ్మా. అక్కడ ఉప్పురాయి కంటికి కనబడి ఎన్నాళ్లయిందో" అంది. ఆ మాటతో అమ్మ ఉప్పు జాడీయే తెచ్చి ముందు పెట్టింది.

నిజాం స్టేటుకి ఉప్పు, పెట్రోలు, మందులు పోకుండా సరిహద్దు బిగించారు. బిగింపు ఎవరికి తగిలింది? నవాబు గారి వంటింట్లో చప్పిడి కూర వండుతున్నారా? ఇక్కడ బందరు కొట్లలో ఉప్పు బస్తాలకి బస్తాలు చెమ్మగిల్లి కారిపోతోంది. అక్క వాళ్ల మధిర ఎంత దూరమని?

బావ సంగతి ఎవరూ ఎత్తరు. కమ్యూనిస్టు దళంతో తిరుగుతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఒకరికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియనట్టు మసులుకుంటున్నాం. మేనల్లుడు కూడా.

30 ఆగస్టు

డాక్టరు గారి అరుగు మీద పత్రిక చదివారు. కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాలు వస్తున్నాయిట. తుపాకులు, తూటాలు. దించేది బీదరులోనూ వరంగల్లులోనూ. నడిపించేవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దొర. బాంబులు వేసే లాంకాస్టర్‌నే సామాన్లు మోసేందుకు మార్చిన విమానాలట. లాంకాస్ట్రియన్ అంటారట.

కాటన్ అనగానే అరుగు మీద ముసలాయన చేతులు జోడించాడు. ఆయనకి తెలిసిన కాటన్ ఒక్కడే. డాక్టరు గారు నవ్వి, ఆ కాటన్ కాదు తాతా, అన్నారు. ఒక కాటన్ ఆనకట్టలు కట్టించి పోయాడు. ఇంకో కాటన్ ఇదీ. ముసలాయన జోడించిన చేతులు ఎటు దించాలో తెలియక కాసేపు అలాగే ఉంచాడు.

2 సెప్టెంబరు

నిద్ర పట్టలేదు. కాటన్ విమానాల గురించే.

రాత్రి పూట విమానం దిగాలంటే పైవాడికి నేల కనబడాలి. గన్నవరంలో మాకు నేర్పారు. రన్‌వేకి రెండు పక్కలా వరసగా దీపాలు పెట్టాలి. కిరోసిన్ పోసి, ఒత్తి ఎగదోసి, గాలికి ఆరకుండా. విమానం ఆగగానే ఆర్పాలి, మళ్లీ లేచేటప్పుడు వెలిగించాలి. దొర ఈ పని చేయడు. పైలట్ చేయడు. కూలివాడు చేస్తాడు.

అంటే వరంగల్లు ఏరోడ్రం, ఆ మామునూరులో కూడా ఎవరో ఉన్నారు. రాత్రి మనిషి వచ్చి లేపితే, చుట్ట ఆర్పేసి లేచి, కిరోసిన్ డబ్బా పట్టుకుని వెళ్లేవాడు. దిగేది ఏమిటో వాడికి చెప్తారా? పెట్టెలు దించేటప్పుడు బరువుని బట్టి తెలిసిపోతుంది. తెలిసి ఏం చేస్తాడు? తెల్లారితే కూలి.

ఆ పెట్టెల్లో తుపాకీ బావ మీదికే రావచ్చు. దీపం పెట్టినవాడు బావ ఊరివాడే కావచ్చు.

7 సెప్టెంబరు

వినాయక చవితి. మేనల్లుడు బంకమట్టితో వినాయకుణ్ని చేశాడు. మిగిలిన మట్టితో విమానం చేశాడు. రెండూ పీట మీద పెట్టాడు. అమ్మ విమానాన్ని తీయలేదు. పత్రి దానిమీదా పడింది.

9 సెప్టెంబరు. బెజవాడ

గోనె సంచుల కోసం వచ్చాను. ఊరు ఊరులా లేదు. నందిగామ రోడ్డు నిండా మిలిటరీ లారీలు, గుడ్డ కప్పిన ట్రెయిలర్లు. సత్రాల్లో, స్కూళ్లలో, చెట్ల కింద అటు నుంచి వచ్చినవాళ్లు. అక్కలాంటివాళ్లు. కుండ, చాప, పిల్లలు. ఒకావిడ దూడని కూడా తెచ్చుకుంది, ఆవు లేదు.

బస్టాండులో గన్నవరం రైతు ఒకాయన పట్టుకున్నాడు. నేను గుర్తుపట్టలేదు, ఆయనే పట్టాడు.

"గుమాస్తా గారూ, యుద్ధం అయిపోయి మూడేళ్లయింది గదండీ."

"అవునండీ."

"మరి నా పొలం?"

ఆయన పొలం రన్‌వే కింద ఉంది. ఎర్రమట్టి నేల. మామిడి చెట్లుండేవి. కొట్టించింది మేమే. యుద్ధం అయిపోగానే తిరిగిస్తారని ఎవరో చెప్పారట ఆయనకి. ఎవరు చెప్పారో గుర్తులేదట. నేనేమోనని చూశాడు. నేను కాదు. కాదనుకుంటా.

గట్టిగా రోలరు తిప్పిన నేల మళ్లీ నాగలికి లొంగుతుందా? అది అడగలేదు ఆయన. నేనూ చెప్పలేదు.

12 సెప్టెంబరు, ఆదివారం

జిన్నా పోయాడు. నిన్న రాత్రి. డాక్టరు గారి బ్యాటరీ రేడియోలో చెప్పారు.

ఎవరూ ఏమీ అనలేదు. అరుగు మీద చాలాసేపు మాటల్లేవు. "ఇప్పుడు ఆగుతారా, తొందరపడతారా?" అన్నారు డాక్టరు గారు చివరికి. ఎవర్ని అడిగారో.

13 సెప్టెంబరు, సోమవారం

తొందరపడ్డారు.

తెల్లవారుజామున సేనలు స్టేటులోకి వెళ్లాయిట. పడమట షోలాపూర్ నుంచి, ఇటు బెజవాడ నుంచి. రేడియో చుట్టూ ఊరు ఊరంతా. మిల్లులో పని ఆపేశారు, యజమాని కూడా ఏమీ అనలేదు. ఆయనే ముందు పరిగెత్తాడు.

అక్కకి చెబుతుంటే చేతి వేళ్ల మీద ఊళ్లు లెక్కపెట్టింది. కోదాడ, మునగాల, సూర్యాపేట. ఆగింది. "మధిర దారిలో లేదు" అంది. సంతోషమా, భయమా? మొహం చూస్తే తెలియలేదు.

14 సెప్టెంబరు

వరంగల్లు, బీదరు ఏరోడ్రముల మీద బాంబులు వేశారు. మొదటి దెబ్బ వాటికే.

అరుగు మీద ఒకడు చప్పట్లు కొట్టాడు: నిజాం విమానాలు ఒక్కటి మిగల్లేదని. నిజాంకి యుద్ధ విమానాలు ఎక్కడివి? లేవు. మరి ఖాళీ నేల మీద బాంబులెందుకు? కరాచీ వాళ్లు దిగకుండా. లోపలివాళ్లు ఎగిరిపోకుండా. తలుపుకి బయట గొళ్లెం.

నాకు ఇంకోటి తోచింది. రన్‌వే మీద గుంట పడితే ఎంతసేపట్లో పూడ్చొచ్చు? గన్నవరంలో జపాను వాడు వస్తాడని రన్‌వే అంచున కంకర గుట్టలు సిద్ధంగా ఉంచేవాళ్లం. 1942 ఏప్రిల్లో కాకినాడ మీద, విశాఖ మీద వేశాడుగా. గన్నవరం మీద గుంట పడనే లేదు. గుట్టల మీద గడ్డి మొలిచింది. మామునూరులో ఎవరైనా గుట్టలు ఉంచారా? కూలీలు బాంబుల మోత విని ఊళ్లొదిలి పోయుంటారు. దీపాలు పెట్టినవాడు? ఆ రాత్రి కాపలా ఎవరిది?

మనవాళ్లు గెలవాలి. ఆ మాటలో సందేహం లేదు. గుంట పూడ్చేవాడి గురించి ఎందుకు ఆలోచిస్తున్నానో తెలియదు.

15 సెప్టెంబరు

వాన. రేడియోకి బ్యాటరీ అయిపోయింది. బందరు నుంచి రావాలి.

ఎంత మోత లేకుండా ఉందో ఊరు. యుద్ధం అంటే మాకు బ్యాటరీ.

17 సెప్టెంబరు, శుక్రవారం, రాత్రి

అయిపోయింది.

నిజాం తనే రేడియోలో మాట్లాడాడు. ఎప్పుడూ రేడియోలో మాట్లాడని మనిషి. కాల్పులు ఆపమన్నాడట. లాయక్ అలీ మంత్రివర్గం దిగిపోయిందట. సైన్యం సికింద్రాబాదు, బొల్లారం రావచ్చునట. ఐక్యరాజ్యసమితిలో పెట్టిన ఫిర్యాదు వద్దన్నాడట. నిన్ననే పారిస్‌లో విచారణకి ఎత్తుకున్నారు. వాళ్లు కుర్చీల్లో సర్దుకునేలోగా ఇక్కడ ముగిసింది.

కొబ్బరికాయలు కొట్టారు. మిల్లు యజమాని బెల్లం బస్తా విప్పించాడు. రేపు పున్నమి. రోడ్డు మీద పిల్లలు పగటిపూటలా ఆడుతున్నారు.

అక్క అడిగింది: "ఆయనకి ఎవరైనా చెప్పారంటావా?"

అడవిలో రేడియో ఉంటుందా. విమానాల చప్పుడు ఆగిపోయిందని గమనించి ఉంటాడు. ఆగిపోవడం కూడా కబురేగా.

18 సెప్టెంబరు

సాయంత్రం నాలుగింటికి నిజాం సేనాని ఎడ్రూస్ మన జనరల్ చౌదరికి లొంగిపోయాడు.

1945 గుర్తొచ్చింది. జపాను లొంగిపోయిందని గన్నవరంలో తెలిసిన రోజు. గుడారాల దగ్గర పాటలు, సీసాలు. మేము కూలీలకి చెప్పాం, యుద్ధం అయిపోయిందర్రా అని. ఒక్కడు కూడా ఎగరలేదు. గంపలు దించి నిలబడ్డారు. తర్వాత ఒకడు అడిగాడు: "రేపు పనుందా బాబూ?"

నేను మస్టరు మూసి, తెలియదన్నాను. నాకూ అదే అనుమానం.

21 సెప్టెంబరు

మద్రాసు పత్రికలు ఇప్పుడు ఒక్కసారిగా వచ్చాయి. సూర్యాపేట దగ్గర విమానాలతో కొట్టారట. నిజాం వాళ్లు మూసీ వంతెన పేల్చేసి పోయారట. పేల్చినవాళ్లు కాపలా లేకుండా వెళ్లిపోతే మనవాళ్లు మరమ్మతు చేసుకుని దాటారు. పేల్చడం ఎంత సేపు. కాపలా కాయడానికే మనుషులు కావాలి. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీని పట్టుకున్నారు.

మేనల్లుడు పీట మీది మట్టి విమానం చెరువులో వేసి వచ్చాడు. వినాయకుడితోపాటు నిమజ్జనం చేయలేదట, మరచిపోయాడట. అది అప్పటికే ఎండిపోయి రెక్క విరిగింది.

4 అక్టోబరు

వచ్చినవాళ్లు వెనక్కి వెళ్తున్నారు. చల్లపల్లిలో ఉన్న మధిరవాళ్లు బండి కట్టుకున్నారు. అక్కని రమ్మన్నారు. "ఆయన కబురు వచ్చాక" అంది. బండి వెళ్లాక చాలాసేపు రోడ్డు మీదే ఉంది.

10 అక్టోబరు

వచ్చింది కబురు.

సిగరెట్టు పెట్టె లోపలి కాగితం. చేతులు మారి మారి నలిగింది. ఎవరు తెచ్చారో రాయను. నాలుగు మాటలు: "క్షేమం. ఇప్పుడే రాను. వాణ్ని బడికి పంపు." సంతకం లేదు. బావ దస్తూరీయే, పొడుగు కొమ్ములు.

అక్క ఒకటికి రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టింది. పొయ్యి మండుతున్నంతసేపూ అక్కడే కూర్చుంది, ఏం వండాలో మరచిపోయినట్టు.

ఎందుకు రాడు? రజాకార్లు పోయారు. నవాబు దిగాడు. ఇంకెవరి మీద?

16 అక్టోబరు

బెజవాడ నుంచి వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. ఆయుధాలు అప్పగించమని సైన్యం అటు ఊళ్లలో దండోరా వేయిస్తోందట. దళాల్లో కొందరు ఇచ్చేశారు. కొందరు ఇవ్వరట. పంచిన భూములు మళ్లీ దొరల చేతికి పోతాయి, తుపాకి ఇస్తే భూమి ఇచ్చినట్టే అంటున్నారట. రజాకార్లని తరిమిన సైన్యమే ఇప్పుడు వాళ్లని వెతుకుతోంది.

ఎవరి యుద్ధం ఎప్పుడు అయిపోతుందో ఎవరు చెబుతారు? రేడియోలో అందరికీ ఒకే రోజు చెప్పేశారు.

అక్కకి ఈ మాట చెప్పలేదు. చెప్పక్కర్లేదు. చిట్టీ చదివిన రోజే తెలుసు ఆవిడకి.

2 నవంబరు

దీపావళి వెళ్లింది. టపాసులు లేవు. నేతి దీపాలు రెండు వరసల్లో పెట్టింది అక్క, వాకిలి పొడుగునా వీధి దాకా. నేను చూసి చూడనట్టు లోపలికి వచ్చేశాను. ఎవరు దిగడానికి?

23 నవంబరు

చల్లపల్లి చుట్టుపక్కల పోలీసుల రాక ఎక్కువైంది. మంగళాపురం మీద మరీ. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు గారి ఊరు గదా. ఆయన అజ్ఞాతంలో ఉంటే ఊరంతా అజ్ఞాతంలో ఉన్నట్టే చూస్తున్నారు. మిల్లులో కూలీలు తక్కువ మాట్లాడుతున్నారు. సంఘం పాటలు పాడే కుర్రాడు బియ్యం తూకం వేస్తూ ఇవాళ భజన పాట పాడాడు.

27 నవంబరు

ఇంటికి వచ్చారు. తెల్లారకముందు.

బావ కోసం. గాదె, అటక, పశువుల పాక. అమ్మ పూజగది దగ్గర అడ్డం నిలబడితే పక్కకి జరగమన్నారు, కొట్టలేదు. అక్కని అడిగినవి రాయను.

పెట్టె తెరిచారు. ఈ పుస్తకం దొరికింది. ఎడమ పేజీలు చూడలేదు, చదవడం రానివాడు కాబోలు. కుడి పేజీల మీద దీపం పెట్టి చూశాడు. వేలిముద్రలు. వందలు.

"ఎవరివి?"

"కూలీలవండీ. గన్నవరం ఏరోడ్రం."

"ఏ సంఘం?"

"సంఘం కాదండీ. మస్టరు."

"మరి పేర్లెందుకు, వేళ్లెందుకు?"

కూలి ఇచ్చినందుకు అన్నాను. నమ్మలేదు. కూలి కోసం ఇంతమంది వేళ్లు వేస్తారా అని మిగతావాళ్ల వైపు చూశాడు. యుద్ధం పని, సర్కారు పని అన్నాను. ఏ యుద్ధం, అన్నాడు.

కొన్ని పేజీలు చించి తీసుకుపోయారు. ఎడమ వైపు నేను రాసుకున్నవి కూడా కొన్ని పోయాయి, సెప్టెంబరువి. ఏమున్నాయందులో? దీపాలు. గుంటలు. ఎవరికి పనికొస్తాయి. ఉంగుటూరు వాడి వేలు కూడా పోయింది. వాడి ఇంటికి వెళ్తారా ఇప్పుడు? 1943లో మట్టి మోసినందుకు?

మళ్లీ వస్తామన్నారు.

1 డిసెంబరు

బెజవాడ రేడియో స్టేషను మొదలైంది ఇవాళ. మద్రాసు కోసం చెవులు రిక్కించక్కర్లేదు. డాక్టరు గారి అరుగు మీద స్పష్టంగా తెలుగు, పక్క గదిలోంచి మాట్లాడినట్టు. అందరూ మురిసిపోయారు. నేనూ విన్నాను. సంగీతం బాగుంది.

హైదరాబాదు వార్త ఒక్కటి కూడా లేదు. లేదా నేను వెళ్లేసరికి అయిపోయిందేమో.

పోయిన సెప్టెంబరు పేజీలు మళ్లీ గుర్తు తెచ్చుకుని రాయడం మొదలుపెట్టాను. తేదీలు సరిగ్గానే పడ్డాయి. మాటలు అవే కాదు.

14 జనవరి 1949

పండగ. కోతలు ముగిశాయి, కుప్పలు బాగానే వచ్చాయి. అక్కకి చీర తెచ్చాను. మడత విప్పకుండా పెట్టెలో పెట్టింది.

మేనల్లుడు బడిలో చేరాడు. పలక మీద మొదట రాసింది వాళ్ల ఊరి పేరు. మాస్టారు తుడిపించి 'అ' రాయించారట. ఇంటికొచ్చి చెబితే అందరం నవ్వాం. నవ్వి చాలా రోజులైంది.

5 ఫిబ్రవరి

హైదరాబాదు వెళ్లొచ్చిన బట్టల వ్యాపారి చెప్పాడు. జైళ్లు నిండిపోయాయట. చంచల్‌గూడలో, ఇంకా ఎక్కడెక్కడో. వేలకి వేలు అంటాడు. వ్యాపారి మాట, సగానికి తగ్గించాలి. సగమైనా ఎన్ని?

అక్క లోపలి నుంచి వింటోంది. వ్యాపారికి మజ్జిగ ఇచ్చే మిషతో వచ్చి నిలబడింది. అడగలేదు ఏమీ.

1 మార్చి

పత్రికలో ఫొటో. బేగంపేట ఏరోడ్రంలో విమానం దిగిన సర్దార్ పటేల్. ఎదురుగా నిజాం, చేతులు జోడించి నమస్కారం. ఎవరి ముందూ వెళ్లి నిలబడని మనిషి ఎదురొచ్చి నిలబడ్డాడు. షేర్వానీ, టోపీ. పటేల్ ధోవతి.

డాక్టరు గారి అరుగు మీద ఆ ఫొటో చేతులు మారింది. ఒకాయన నిజాం మొహం మీద వేలు పెట్టి చూపించాడు. ఇంకొకాయనకి పటేల్ నవ్వుతున్నాడా లేదా అని తగువు. నేను వాళ్ల కాళ్ల కింద చూశాను. నేల చదునుగా ఉంది. ఎంత మంది కూర్చుని కంకర కొట్టారో, ఎన్ని రోజులు దిమ్మిస వేశారో. దక్కన్ ఎయిర్వేస్ వాళ్ల విమానాలు దిగిందీ ఆ నేల మీదే, పారిస్‌కి ఫిర్యాదు మోసిన దొరలు ఎక్కిందీ ఆ వైపు నేల మీదే అయ్యుండాలి. ఇవాళ పటేల్. నేలకి ఎవరైనా ఒకటే.

మామునూరులో గుంటలు పూడ్చారా? దాని ఫొటో ఏ పత్రికా వేయలేదు. అక్కడ ఎవరూ దిగరుగా ఇక.

అక్క ఫొటో చాలాసేపు చూసింది.

"ఈయన చేతులు జోడించాడు గదా."

"అవును."

"మరి మీ బావని వదిలేయొచ్చుగా."

ఆ రెండింటికీ సంబంధం ఏమిటని అడగబోయి ఊరుకున్నాను. ఉంది సంబంధం. ఎక్కడుందో నాకు చెప్పడం రాదు.

9 మార్చి

పాత కాంట్రాక్టరు ఉత్తరం. గన్నవరం నాటి ఆయనే. హైదరాబాదు వైపు ఏరోడ్రం పని దొరికిందట, మరమ్మతులు, కొంత కొత్త పని. మస్టరు పట్టడానికి తెలిసిన మనిషి కావాలట. జీతం రాయలేదు. ఆయన ముందు ఎప్పుడూ రాయడు.

వెళ్తే మిల్లు పోతుంది. మిల్లు యజమాని ఈ మధ్య నన్ను చూసే తీరు కూడా మారింది, పోలీసులు వచ్చినప్పటి నుంచి. అమ్మ వద్దంది. మళ్లీ మళ్లీ వద్దంది.

11 మార్చి

రాత్రి అన్నం పెడుతూ అక్క తనే ఎత్తింది.

"వెళ్లరా తమ్ముడూ."

చంచల్‌గూడకి వెళ్లి అడగమంటావా అన్నాను.

"అక్కడ అడిగితే ఉన్నవాళ్లకి చెడుపు. నువ్వు పనిలోనే ఉండు. మీ బావ జైల్లో లేకపోతే ఎక్కడో కూలికి ఉంటారు. పేరు మార్చుకుని. అంత పెద్ద పనిలో ఎవరు ఎవర్ని పట్టించుకుంటారు? సంతకం చేయరు, దస్తూరీ దొరికిపోతుందని. వేలే వేస్తారు."

చెయ్యి కడుక్కోకుండా వింటున్నాను.

"ఎడమ బొటనవేలికి నిలువునా కొడవలి గాటు. పెళ్లికి ముందుది. ముద్ర వేస్తే మధ్యలో గీత పడి రెండుగా కనబడుతుంది. కుడివేలు వేయబోతే ఎడమది వేయించు. పట్టించుకోనట్టు వేయించు."

నాకీ గాటు సంగతి తెలియదు. పక్కపక్కన కూర్చుని ఎన్ని సార్లు భోంచేశాం.

12 మార్చి

జవాబు రాశాను. రోజుకి ఎంత కూలి ఇస్తారో, పని ఎన్నాళ్లుంటుందో, వేలిముద్రలు వేయించేది నేనేనా ఇంకెవరైనానా, రాయమన్నాను.